ఒరిజినల్స్

జూన్ 9, సోమవారం

ఈరోజు నుంచి నేను టీచర్ని కాదు. ఏవోని. అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్. దీనికి తెలుగులో ఏం రాయాలా అని మధ్యాహ్నమంతా ఆలోచించాను. 'పరిపాలన' బాగుంది. పలికితే నోరు నిండుతుంది.

కరెస్పాండెంట్ బాపయ్య గారు పొద్దున్నే పిలిచారు. ఏం జయమ్మా, నీ చేతిరాత బాగుంటుంది, పేరెంట్స్‌తో నీ మాటా మెత్తగా ఉంటుంది, ఇక ఆఫీసు నువ్వే చూసుకో అన్నారు. దూరవిద్యలో చేస్తున్న స్కూల్ అడ్మినిస్ట్రేషన్ డిప్లొమా పూర్తయితే వచ్చే ఏడు నువ్వే ప్రిన్సిపాల్‌వి అని కూడా అన్నారు. ఆయనకు హైవే పక్కన జిన్నింగ్ మిల్లు ఉంది. స్కూలుకు వచ్చినప్పుడు కూడా చొక్కా మీద ఎక్కడో ఒక దూది నలుసు అంటుకునే ఉంటుంది. దాన్నే చూస్తూ తల ఊపాను.

నాన్న స్పిన్నింగ్ మిల్లు షిఫ్టు దిగి వచ్చి, మన కొంపలో ఆఫీసరా అని నవ్వాడు. భోజనం ముందు ప్రార్థనలో నా పేరు రెండుసార్లు చెప్పాడు.

జూన్ 12, గురువారం

బడి తెరిచాం. బస్సు రూట్లు నేనే వేశాను. ఒక్క పిల్లాడు కూడా తప్పిపోలేదు. డ్రైవర్ మాబు మాత్రం ఊరుకోడుగా. మేడమ్ గారూ, ఇక హారన్ కొట్టాలన్నా మీ సంతకం కావాలా అండీ అని అందరి ముందూ అడిగాడు. కావాలి, రెండు కాపీలు అన్నాను. బస్సంతా నవ్వింది.

ప్రేయర్ అయ్యాక గ్రౌండు ఒక్కసారిగా ఖాళీ అయింది. ఈ పని నాకు వచ్చు అనిపించింది. ఇదే కావాలి అనిపించింది.

జూన్ 13, శుక్రవారం

బీరువా తెరిచాను. పై అరలో టీచర్లందరి కవర్లు ఉన్నాయి. టెన్త్, ఇంటర్, డిగ్రీ, బీఎడ్. అన్నీ ఒరిజినల్సే. ఈ ఊళ్ళో ఏ ప్రైవేటు బడిలో చేరినా ఇదే పద్ధతి. చేరిన రోజే ఒరిజినల్స్ ఆఫీసులో ఇచ్చేయాలి. ఏప్రిల్‌లో చివరి పరీక్ష అయ్యేదాకా అడగకూడదు. టీచరు మధ్యలో వెళ్ళిపోతే పేరెంట్స్ పిల్లల్ని మానిపిస్తారు, అందుకని. మీ ఇళ్ళల్లో అయితే ఎలుకలు కొడతాయి, ఇక్కడైతే భద్రం అంటారు బాపయ్య గారు.

నా కవరు కూడా ఉంది. మీద నా చేతిరాతే, రెండేళ్ళ కిందటిది. అప్పుడు 'య' వంకరగా రాసేదాన్ని.

జూలై 24, గురువారం

పొలాల్లో మిరప నారు నాటుతున్నారు. నాలుగో తరగతిలో సగం బెంచీలు ఖాళీ.

ఆగస్టు 18, సోమవారం

నగ్మాకు ప్రభుత్వ టీచరు ఉద్యోగం వచ్చింది! మా టెన్త్ మాథ్స్ టీచర్ నగ్మా. బీఎడ్‌లో నా పక్క బెంచీ. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ పాలకోవా పంచింది. నా నోట్లో తనే పెట్టి, నువ్వూ రాసుంటే ఇద్దరం కలిసి పోయేవాళ్ళం కదే మొద్దూ అంది. నాకు ప్రిన్సిపాల్ గది చాలులే అన్నాను.

శుక్రవారం గుంటూరులో సర్టిఫికెట్ల వెరిఫికేషన్. జిరాక్సులు చెల్లవట. సార్‌ని అడిగి ఇప్పించు జయా అంది. ఓస్ అంతేనా అన్నాను.

ఆగస్టు 19, మంగళవారం

అంతే కాదు.

బాపయ్య గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. టెన్త్‌కి లెక్కలు ఎవరు చెప్తారమ్మా, నువ్వు చెప్తావా అని అడిగారు. ఏప్రిల్ దాకా ఆగమను, గవర్నమెంటు ఎక్కడికీ పారిపోదు అన్నారు. శుక్రవారం వెళ్ళకపోతే పోస్టు వేరేవాళ్ళకి పోతుందండీ అన్నాను. అందుకేగా నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది, నచ్చజెప్పు, అడ్మినిస్ట్రేషన్ అంటే అదే అని చెప్పి మిల్లుకు వెళ్ళిపోయారు.

డిప్లొమా పుస్తకం తిరగేశాను. 'నచ్చజెప్పుట' మీద పాఠం లేదు.

ఆగస్టు 20, బుధవారం

నగ్మాతో అబద్ధం చెప్పాను. సార్ ఊళ్ళో లేరన్నాను. మాట పూర్తి కాకముందే కిటికీలోంచి ఆయన కారు గేటు దాటి లోపలికి వస్తూ కనబడింది. నగ్మా కారునీ చూసింది, నన్నూ చూసింది. క్లాసుకు వెళ్ళిపోయింది.

లంచ్‌కి వాళ్ళమ్మ సర్దార్‌బీ వచ్చింది. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పని నుంచి నేరుగా వచ్చేసింది. ఆమె కొంగు విదిలిస్తే నాకు దగ్గొచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఏమ్మా జయా, మా ఇంట్లో నా పిల్ల కంచంలో చెయ్యిపెట్టి తిన్నావు, ఇప్పుడు దాని కాగితాల మీద కూర్చున్నావా అంది. నా చేతుల్లో ఏముందత్తా అన్నాను. తాళం ఉందిగా అంది. ఆఫీసు బయట నిలబడ్డ పేరెంట్స్ అంతా విన్నారు.

నిజమే. తాళం నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది.

ఆగస్టు 21, గురువారం, మధ్యాహ్నం

ఇచ్చేశాను.

దొంగతనంగా ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాను. నగ్మాను ఆఫీసుకు పిలిచి, తలుపు బార్లా తీసి ఉంచి, బీరువా తెరిచి కవరు చేతిలో పెట్టాను. అందినట్టు సంతకం తీసుకున్నాను. పద్ధతి పద్ధతే. ఆమె కవరు బ్యాగ్‌లో పెట్టుకుంది. సార్ ఒప్పుకున్నారా అని అడిగింది. బస్సు టైమవుతోంది పో అన్నాను.

బీరువా వెంటనే మూయలేదు. నా కవరు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంటికి పట్టుకెళ్ళిపోవచ్చు. అడిగేవాళ్ళు లేరు. కానీ నాదీ తీసుకుంటే నగ్మాకు ఇచ్చింది న్యాయం కోసమని ఎవరు నమ్ముతారు? ఇద్దరూ కలిసి దోచుకుపోయారంటారు. ఇంకో సంగతి కూడా ఉంది, అది రాయడానికే సిగ్గుగా ఉంది. ఆ ప్రిన్సిపాల్ గది నాకు ఇంకా కావాలి.

కవరు మళ్ళీ పైన పెట్టి తాళం వేశాను.

ఆగస్టు 23, శనివారం

నగ్మా వెరిఫికేషన్ అయిపోయింది. ఫోన్‌లో ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

బాపయ్య గారికి నేనే చెప్పాను. అరుస్తారని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన చెయ్యి చాపారు. నేనిచ్చిన తాళాల గుత్తిలోంచి బీరువా తాళం ఒక్కటే గోటితో తీసుకుని, మిగతావి టేబుల్ మీద నా వైపు తోశారు. సోమవారం నుంచి టెన్త్ లెక్కలు నువ్వే చెప్పు, కొత్తామె దొరికేదాకా అన్నారు. నాకు లెక్కలు రావండీ అన్నాను. ముందురోజు చదువుకుని రా అన్నారు.

అయితే నా ఒరిజినల్స్ ఇప్పించండి, మానేస్తాను అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది.

ఆయన నవ్వారు. నీకూ వచ్చిందా ఏంటమ్మా గవర్నమెంటు ఉద్యోగం అన్నారు. ఎక్కడికి పోతావు తల్లీ, కాబోయే ప్రిన్సిపాల్‌వి అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే నాకు భయం వేసింది. ఆయన నిజంగానే నన్ను ప్రిన్సిపాల్ని చేస్తారు.

ఆగస్టు 26, మంగళవారం

సమాంతర రేఖలు ఎందుకు కలవవని ఒక పిల్ల అడిగింది. రేపు చెప్తానన్నాను.

సెప్టెంబర్ 1, సోమవారం

కొత్త మాథ్స్ టీచర్ ఇంటర్వ్యూకి వచ్చింది. పేరు నాగజ్యోతి, అద్దంకి అమ్మాయి. లోపలి గది తలుపు తెరిచే ఉంది. బాపయ్య గారు పేపర్ చదువుతున్నారు.

ఒరిజినల్స్ తెచ్చారా అని గట్టిగా అడిగాను.

ఆమె నవ్వుతూ బ్యాగ్ జిప్పు తీసింది. టేబుల్ మీదుగా వంగి ఆ జిప్పు నేనే వేశాను.

తేలేదా, ఫర్వాలేదు, తర్వాత చూద్దాం లెండి అని ఇంకా గట్టిగా అన్నాను.

లోపల పేపర్ చప్పుడు ఆగింది.