ముందు సగం సీటు

అక్కా,

ఆరడుగుల మూడంగుళాల నీ తమ్ముడు సవినయంగా పెట్టుకుంటున్న అర్జీ ఇది.

నాన్న పోయాక ఆయన పాత బండిలో ఒక్క నట్టు కూడా మార్చనని నాతో ఒట్టు వేయించుకున్నావు. ఏడాదిగా మాట తప్పలేదు. కానీ అది నాన్న ఎత్తుకు సరిపోయిన చిన్న బండి. నేనెక్కితే మేకపిల్ల మీద ఒంటె కూర్చున్నట్టుందని వీధంతా నవ్వుతోంది.

నవ్వితే నవ్వారు. మొన్న అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, మలుపులో హ్యాండిల్ నా మోకాలికి అడ్డుపడి తిరగలేదు. ఇద్దరం పడ్డాం. అమ్మ మోచెయ్యి దోక్కుపోయింది. నీకు ఫోన్ చెయ్యొద్దంది. ఉత్తరం రాయొద్దని మాత్రం అనలేదు.

మెకానిక్ నన్ను బండి మీద కూర్చోబెట్టి టేపుతో కొలిచాడు.

"నీ కాళ్లన్నా కొయ్యాలి, సీటన్నా ఎత్తాలి బాబూ" అన్నాడు.

సీటు మొత్తం నాలుగంగుళాలు ఎత్తితే వెనక అమ్మ ఎక్కలేదు. అందుకని సీటుని మధ్యకి కోసి, ముందు సగం మాత్రమే ఎత్తుతాడట. హ్యాండిల్ కూడా కాస్త పైకి జరుపుతాడట.

కొయ్యడం అనగానే నాకు నీ ఒట్టు గుర్తొచ్చింది. పక్కనున్న అమ్మే మెకానిక్‌తో అంది:

"వెనక సగం ముట్టుకోకు నాయనా. ముప్పై ఏళ్లు కూర్చున్నాను, అది నాది. ముందుది ఎవరు నడిపితే వాళ్లది."

ఇంకేం రాయను? ఆ ఒట్టు తీసి గట్టున పెట్టక్కా. నువ్వు ఊఁ అనేదాకా అమ్మా నేనూ బస్సులోనే వెళ్తాం.

నీ పొడుగు తమ్ముడు