అవ్వ కడుపులో నిద్ర లేచిన జన్యువు

గురువారం రాత్రి, ఉప్పళం

పేగుల్లోని బ్యాక్టీరియా మీద మా ల్యాబు చేస్తున్న పరిశోధనా మహాయజ్ఞానికి మా అవ్వ పోయినసారి సమర్పించిన మలంలోని బ్యాక్టీరియా యాంటీబయాటిక్ మందు తగలగానే చచ్చింది. ఈసారి ఇచ్చినదానిలో అదే బ్యాక్టీరియా మందులోనే హాయిగా పెరుగుతోంది. మందును విరిచే జన్యువు దానిలో ముందునుంచీ ఉంది, కానీ నిద్రపోతూ ఉండేది. ఎక్కడినుంచో గెంతిన డీఎన్ఏ ముక్క ఒకటి దాని ముందు కూర్చుని లేపింది.

సోమవారం అవ్వకు పేగు ఆపరేషన్. లోపల చీము పడితే చివరి అస్త్రం ఆ మందేనని డాక్టరు అన్నాడు.

"ఏందిరా, మొగం అట్టుంది? నా దాంట్లో బంగారం దొరికిందా?" అంది అవ్వ.

"నీ కడుపులో ఒకడు నిద్ర లేచినాడవ్వా."

"లేస్తే కాపీ పోస్తాలే."

ఇద్దరం నవ్వాం. పొద్దున్నే డాక్టరుకు చెప్పాలి. "అయితే ఇంకే మందు ఇవ్వమంటావు?" అని ఆయన నన్నే అడిగితే, చెప్పడానికి నా దగ్గర జోకు కూడా లేదు...