పచ్చ వైరు

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. మెదక్‌లో మళ్లీ చలి మొదలైందని ఇవాళ కొత్త గీజరు పెట్టించాను. పాతది విప్పుతూ ఎలక్ట్రీషియన్ అడిగాడు.

"గీ పచ్చ వైరు మడిచి టేపు చుట్టిందెవరే అన్నా? షాక్ కొట్టకుండ కాపాడే ఎర్త్ గిదే గదా!"

"నేనే" అన్నాను. అప్పుడు నా దగ్గరున్న ప్లగ్గుకు రెండే పిన్నులు.

"నల్లా ముట్టుకుంటే జుమ్మంటుందిరా తమ్మీ" అని నువ్వంటే, రబ్బరు చెప్పులేసుకొని స్నానం చెయ్యమన్నదీ నేనే. ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది. ఆ ఒక్క పొద్దున నువ్వు మరిచిపోయావు.

అతను ఎర్త్ కలిపాడు. కరెంటు లీకైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు కూడా పెట్టాడు.

నీ బిడ్డ తువ్వాలతో వచ్చి, "మామా, చెప్పులేసుకోవాల్నా?" అని అడిగింది.

"ఇగ అక్కర్లేదు బిడ్డా."

తలూపింది. అయినా చెప్పులు వేసుకునే లోపలికి పోయింది.