గుమ్మానికి దాచిన టేకు

వాట్‌గంజ్, కలకత్తా
శ్రావణ శుక్రవారం, 1986

చిరంజీవి తమ్ముడు గవరయ్యను చల్లగా ఉండమని దీవించి, ఈసారి ఎవరిచేతా రాయించకుండా అక్క అప్పమ్మ సొంత చేత్తో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మరదలూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ బావ మోకాలి నొప్పి సంగతి అడిగావు. నొప్పి ఉంది, మనిషే ఇంటిపట్టున లేడు. రేవులో దుంగలు మోసిన రోజుల్లోనూ ఇంత తిరగలేదు. సొంత కలప అడితి పెట్టాక బడికి బల్లలన్నాడు, బస్తీకి కుళాయిలన్నాడు. ఇప్పుడు కూలీల ఆడవాళ్లకని పురుళ్ల ఆసుపత్రి కట్టించాడు.

మన జాగాలో ఇంటికి ముహూర్తం పెట్టించమంటావా అని అడిగావు. అది చెప్పేముందు ఇంకోటి చెప్పాలి.

మాఘంలో ఆసుపత్రి పని గుమ్మాల దగ్గర ఆగిపోయింది. అడితిలో ఉన్నదంతా పచ్చి కర్ర, వానలకు వంకర్లు పోతుంది. అందాకా రేకుల షెడ్డులో గోనెపట్టా చాటునే కాన్పులు. మన సోములు కూతురు సుందరికి అప్పుడే నెల తప్పింది. ఆ పట్టా చూసి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నానిక్కడ కనను అత్తా! దారంట పోయేవోలంతా సూత్తారు."

బాగా ఆరిన టేకు లేకపోలేదు. ఊళ్లో కట్టబోయే మన ఇంటి గుమ్మాలకని మీ బావ ఏళ్లుగా దాచాడు కదా. ఏటా వానల ముందు తనే తిరగేసి పేర్చుకుంటాడు. ఎవరడిగినా "అది అప్పమ్మది" అంటాడు. నాకిచ్చిన మాట తప్పమంటే ఒప్పుకుంటాడా? అందుకే అడగలేదు.

గవరయ్యా, ఇన్నాళ్లూ నీకు చెప్పనిది ఇదే. ఆయన కర్ర బేరానికి లిలువా ఊరు వెళ్లినప్పుడు ఆ టేకంతా లారీకెక్కించి ఆసుపత్రికి పంపేశాను.

ఆసుపత్రికి ద్వారబంధం ఎత్తేనాడు నేను పసుపు రాస్తుంటే మీ బావ వచ్చాడు. కర్ర మీద చెయ్యి వెయ్యగానే మొహం పాలిపోయింది.

"ఏటే ఇది? మనింటి కర్ర కాదేటి?"

"ఔను. మనింటికే ఎట్టినాను."

అందరి ముందూ తిడతాడనుకున్నాను. నా చేతిలో పసుపు గిన్నె లాక్కుని, రెండో పక్క తనే రాయడం మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకుంటూనే మేస్త్రీ మీద అరిచాడు, "ఏయ్ దాదా, సరిగ్గా పట్టుకో!"

ఊళ్లో ఇల్లు ఇక కట్టం. అప్పుడప్పుడూ బెంగ వేస్తుంది, నీ దగ్గర అబద్ధమెందుకు? ఆ జాగాలో నువ్వు ఆనపపాదులు పెట్టుకో.

ముహూర్తం అడిగావు కదా. అది మాఘంలోనే అయిపోయింది తమ్ముడూ. మొన్న గృహప్రవేశం కూడా అయింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చినా, సుందరి ఆ టేకు గుమ్మం తలుపు వేసుకుని పండులాంటి ఆడపిల్లను కన్నది.

ఇట్లు,
నిన్ను చంకనెత్తుకు పెంచిన అక్క,
అప్పమ్మ