ఆవిడ నాటిన దుంపలు

సెప్టెంబర్ 12

గాలి మారింది. నిన్నటిదాకా సముద్రం వైపు నుంచి వచ్చేది, ఇవాళ కొండ వైపు నుంచి వీచింది. పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రానికీ చెమ్మగానే ఉన్నాయి. అంజూరపు చెట్టు ఆకులు పండుబారి రాలుతున్నాయి. కోళ్ళు గుడ్లు తగ్గించేసి ఈకలు రాల్చుకుంటున్నాయి. ముసలి నల్లకోడికైతే మెడంతా బోడి. దాని పేరు మేడమ్. ఆ పేరు నేను పెట్టింది కాదు.

ఈ దీవికి కాపురానికి వచ్చాక ఆకులు రాలే కాలం చూడటం నాకిదే మొదలు.

గోడ వెంట దారి పొడవునా ఏవో కాడలు నేలలోంచి పొడుచుకొచ్చాయి. ఒక్క ఆకు లేదు. ఉత్త కాడ, చివర మొగ్గ. ఇవేంటని ఆయన్ని అడిగాను. అవా, ఏటా వస్తాయి అన్నాడు. ఎవరు నాటారు అన్నాను. చెప్పులేసుకుని ఇంజన్ల షెడ్డుకి వెళ్ళిపోయాడు.

జవాబు చెప్పినట్టే.

సెప్టెంబర్ 15

పూశాయి. గులాబి రంగు. అందంగా ఉన్నాయి, అదే నా ఏడుపు.

సెప్టెంబర్ 16

పక్కింటి పెద్దమ్మ గుడ్ల కోసం వచ్చింది. గుడ్లు లేవంటే వెళ్ళాలి కదా. వెళ్ళకుండా గోడ దగ్గర నిలబడిపోయింది. నీ ముందామె చెయ్యి అలాంటిదమ్మా, ఎండుపుల్ల గుచ్చినా చిగురేసేది అంది. తర్వాత నా చిక్కుడు పాదు కేసి చూసి, పురుగు పట్టినట్టుందే అంది.

ముందామె బతికే ఉంది. విడాకులయ్యాక అవతలి ఒడ్డున టౌన్లో బేకరీలో పనిచేస్తోందట. పోయిన మనిషైతే అయ్యో పాపం అని ఊరుకోవచ్చు. బతికున్న మనిషి పూలని ఏం చేసుకోను?

ఈ ఇంట్లో కొక్కేలన్నీ ఆవిడ ఎత్తుకే కొట్టి ఉన్నాయి. గిన్నెలు అందుకోవాలంటే నేను వంగాలి. కర్టెన్లు మాత్రం అంచులు విప్పి నేనే మళ్ళీ కుట్టాను. టైలరింగ్ షాపులో పనిచేసినదాన్ని, చూస్తూ ఊరుకోలేను. ఆవిడ కుట్టు వంకర. నాకు దొరికిన ఊరట అదొక్కటే.

సెప్టెంబర్ 17

సాయంత్రం ఆయన ఆ పూల ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. టీ మీద మీగడ కట్టేసింది. నేను దగ్గాను. గాలి తిరిగింది, బోటు పైకి లాగాలి అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. నేనేమీ అడగందే.

నా ముందు ఎప్పుడూ అలా నిలబడలేదు.

సెప్టెంబర్ 18

పీకేశాను. అన్నీ.

ఆయన లాంచీ రిపేరుకి వెళ్ళగానే పార పట్టుకున్నాను. లోపల ఉల్లిపాయల్లాంటి దుంపలు, ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తులుగా ఉన్నాయి. లాగితే రాలేదు. పారతో నరికాను. కాడలూ పూలూ దుంపలూ అన్నీ గంపకెత్తి కోళ్ళ దొడ్లోని చెత్తకుప్ప మీద పోశాను, పైన వంటింటి తుక్కు కూడా వేశాను. చేతులు బొబ్బలెక్కాయి. కడుపునిండా భోంచేశాను.

ఆయన వచ్చాడు. దారి చూశాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. తిట్టినా బాగుండేది.

సెప్టెంబర్ 20, ఉదయం

మచ్చల కోడి చచ్చిపోయి ఉంది. ఇంకో రెండు రెక్కల్లో తల పెట్టుకుని కూర్చున్నాయి, అదిలించినా లేవలేదు. మిగతావి చెత్తకుప్ప మీద ఉన్నాయి. గోళ్ళతో గీరుతున్నాయి. దుంప ముక్కలు.

చూడగానే నాకు అర్థమైంది.

ఏదో జబ్బు తిరుగుతున్నట్టుంది అన్నాడు ఆయన. పశువుల డాక్టరు అవతలి ఒడ్డున ఉంటాడు, ఈ గాలిలో రాడు. ఆవిణ్ణి అడిగితే, అని మొదలుపెట్టి ఆపేశాడు. అక్కర్లేదు అన్నాను. అనేశాను. అక్కడ కోళ్ళు చస్తుంటే.

మధ్యాహ్నం 2

మేడమ్ కూడా కూలబడింది.

ఆవిడ నంబరు షెడ్డు తలుపు మీద సుద్దతో రాసి ఉంది. ఏనాడో రాసింది, ఆయన తుడవలేదు. సిగ్నల్ కోసం గోడెక్కి నిలబడ్డాను. ఏమని పిలవాలో తెలీక ఏమండీ అన్నాను. ఎవరు అంది. చెప్పాను. మీ పూల దుంపలు పీకి కోళ్ళ దొడ్లో వేశాను, అవి తింటున్నాయి అన్నాను. ఒక్క ఊపిరిలో చెప్పకపోతే చెప్పలేకపోయేదాన్ని.

ఆవిడంది, ముందు ఆ కుప్పంతా తీసెయ్, కోళ్ళని కొట్టంలో వేసి నీళ్ళు పెట్టు, నాకూ ఇంతకంటే తెలీదు, డాక్టర్ని అడుగుతాను అని. పెట్టేసింది.

ఆయనకీ చెప్పాను. జబ్బు కాదు, నా పనే అని. తెలుసు అన్నాడు. తెలిసే జబ్బన్నాడు. దానికి సంతోషించాలో, నెత్తి బాదుకోవాలో.

సెప్టెంబర్ 21

ఆవిడ వచ్చింది.

లాంచీ నడిపే సరంగు వద్దంటున్నా ఎక్కిందట. తడిసి ముద్దయి దిగింది. కొక్కేల ఎత్తు తెలిసి కూడా నేను ఎవరినో ఊహించుకున్నాను, పొడుగ్గా, సినిమాలో మనిషిలా. పొట్టిగా ఉంది. ముక్కు ఎర్రబడి తుమ్ముతోంది. సంచిలో డాక్టరిచ్చిన మందు, కళ్ళ చుక్కలు వేసే గొట్టం లాంటిదొకటి.

కోళ్ళని ఉంచిన కొట్టంలోకి వెళ్ళి ఈల వేసింది. మేడమ్ తలెత్తింది. ఇన్నాళ్ళూ మేత వేసినదాన్ని, నాకెప్పుడూ అలా తలెత్తలేదు. కోడి బతుకుతుందన్న సంతోషం కంటే ముందు కుళ్ళే వచ్చింది, ఏం దాచను.

ఆయన గుమ్మంలో అటూ ఇటూ కాకుండా నిలబడ్డాడు. వెలుతురుకి అడ్డం, పోయి నీ ఇంజన్లు చూసుకో అంది ఆవిడ. కుక్కిన పేనులా వెళ్ళిపోయాడు. దానికీ కుళ్ళుకున్నాను.

నేను కోడిని పట్టుకుంటే ఆవిడ ముక్కు తెరిచి మందు పోసింది. ఒకదాని తర్వాత ఒకటి. పచ్చకోడి నా ఒళ్ళోనే పోయింది. ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. తర్వాతది ఇలా ఇవ్వు అంది.

ఆ పూలు ఆయన కోసం నాటారా అని అడిగేశాను. ఆవిడ చేతిలో కోడిని కింద పెట్టి మరీ నవ్వింది. ఆయన చెప్తేగా ఏది ఇష్టమో. ఇక్కడ ఆకులు రాలడం మొదలైతే చూడ్డానికి ఏమీ ఉండదమ్మా, లాంచీలు ఆగిపోతాయి, ఆయన షెడ్డులోంచి రాడు, వచ్చినా మాట్లాడడు, పిచ్చెక్కుతుంది. పిచ్చెక్కకుండా ఉండటానికి నాటుకున్నాను. కొన్నేళ్ళు పనిచేశాయి. తర్వాత అవీ చాల్లేదు, వెళ్ళిపోయాను అంది.

ఎందుకు పీకావని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

సెప్టెంబర్ 22

మంచం ఇస్తానంటే వద్దని వంటింట్లో పొయ్యి పక్కనే పడుకుంది. పొద్దున మేడమ్ నాలుగు గింజలు తింది.

ఆవిడ వెళ్ళేముందు కిటికీ దగ్గర ఆగి కర్టెను అంచు తిప్పి చూసింది. నువ్వు కుట్టావా, బాగుంది, నాకెప్పుడూ తిన్నగా వచ్చేది కాదు అంది. పొగిడినందుకు ఆవిడ మీద ఇంకొంచెం కోపమొచ్చింది. ఒడ్డుదాకా వెళ్ళి దిగబెట్టాను.

అక్టోబర్ 3

వాన. ఆయన ఇవాళ మూడు మాటలు మాట్లాడాడు. ఉప్పు. తలుపు. ఊఁ.

గొడుగేసుకుని గోడెక్కి ఆవిడకి ఫోన్ చేశాను, మేడమ్ సంగతి చెబుదామని. మేడమ్ సంగతి రెండు నిమిషాల్లో అయిపోయింది. వాన వెలిసేదాకా మాట్లాడాం. బేకరీ ఓనరు నడక ఎలా ఉంటుందో చెప్తే నవ్వలేక గోడ మీంచి పడబోయాను.

అక్టోబర్ 9

లాంచీలు ఆగిపోయాయి.

అక్టోబర్ 17

సిగ్నల్ అందుతుందని గోడ మీదే ఉంచుతున్న ఫోన్ మోగితే ఇవాళ ఆయనే ముందు తీశాడు. ఆవిడ నాకివ్వమందట. ఇచ్చి, గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. నేను పెట్టేశాక, నా గురించి ఏమైనా అంటుందా అని అడిగాడు. ఇన్ని నెలల్లో ఆయన నన్ను అడిగిన అతి పెద్ద ప్రశ్న.

లేదన్నాను. నిజంగానే ఏమీ అనదు.

బయటికెళ్ళి, నేను పొద్దున ఊడ్చిన కోళ్ళగూడు మళ్ళీ ఊడ్చాడు.