అంచు దాకా పోసిన టీ

బిష్కెక్

జీపార్ అక్కా,

ఫోన్‌లో చెబితే ఏడ్చేస్తాను, నువ్వు కంగారుపడి బావకు ఇస్తావు. అందుకే రాస్తున్నాను.

తలాస్ పాల సంఘం వాళ్ల కంప్యూటర్ ప్రోగ్రాం సంగతి తెలుసుగా. పొద్దున్నే పాల బండ్లు వరస కట్టగానే పాతది మొరాయించేది, పాలు గేటు దగ్గరే విరిగిపోయేవి. బాగుచేయమని మా ఆఫీసులో నన్నూ, నా పక్క సీటు సిమిక్‌నూ కూర్చోబెట్టారు. అతుకులతో లాభం లేదని పీకేసి మొదటి నుంచీ రాశాం. అక్కా, ఈ చలికాలమంతా ఎంత సంతోషంగా ఉన్నానో నీకు చెప్పనేలేదు. ఒకే తెర ముందు ఇద్దరం. నేను రాస్తుంటే అతను తప్పులు పట్టేవాడు, అతను రాస్తుంటే నేను. "ఏంటిది మేరిమ్, మీ మేనత్త కబుర్లలా ఎక్కడికీ తేలదు" అనేవాడు. అతని గిన్నెలో టీ అడుగున కాస్తే పోసేదాన్ని, ఇంకాసేపు కూర్చోవాలని. మళ్లీ మళ్లీ గిన్నె చాపేవాడు. కొత్తది నడిచిన మొదటి పొద్దున ఒక్క బండీ ఆగలేదు.

సంఘం వాళ్లు గొర్రెను కోసి విందు ఇచ్చారు. గౌరవంగా పెట్టే తుంటి ఎముక సిమిక్ పళ్లెంలో పెట్టారు. నాకంటే పెద్దవాడు కదా అనుకున్నాను. సంఘం డైరెక్టర్ ఓరొజ్‌బేక్ గారు నన్ను చూసి, "ఈ అమ్మాయెవరయ్యా?" అన్నారు.

"మా ఆఫీసు పిల్లేనండీ. టైపింగ్‌లో కాస్త సాయం చేసింది," అన్నాడు సిమిక్, తల ఎత్తకుండా.

"అయితే కాస్త టీ పోయమ్మా," అన్నారాయన. అందరికీ పోశాను.

కడుపు మండిపోతోంది అక్కా. ప్రోగ్రాం పాస్‌వర్డులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఒక్కచోట చెరిపితే బండ్లన్నీ గేటు దగ్గరే ఆగిపోతాయి. ఆ పని చేసేలా ఉన్నాను.

నీ చెల్లెలు,
మేరిమ్

*

బిష్కెక్

అక్కా,

"పాలేం పాపం చేశాయే పిచ్చిదానా" అని రాశావు. నీ జవాబు రాకముందే ప్రోగ్రాం తెరిచి చూశాను. నేను రాసినవే చెరుపుదామని వెతికితే, ఏది నాదో ఏది అతనిదో తెలియలేదు. అంతగా కలిసి రాశాం. ముట్టుకోకుండా మూసేశాను.

నిన్న సిమిక్ ఎప్పటిలా నా పక్కన కూర్చున్నాడు.

"ఇంకా కోపమేనా? ఎముక వయసును బట్టి పెడతారు, నేనేం చేయను?"

"ఎముక సరే. ఆ మాట ఎవరు అనమన్నారు?"

"వాళ్ల తర్వాతి పనికి నన్నే పెద్దను చేస్తామంటున్నారు. నిన్ను వదిలేస్తానా ఏంటి, పక్కనే ఉంటావుగా."

"అయితే ఇప్పుడే ఓరొజ్‌బేక్ గారికి ఫోన్ చెయ్యి. సగం పని మేరిమ్‌దని చెప్పు."

ఫోన్ తీశాడు. పేరు వెతికాడు. కాసేపు చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"చెబుతాలే, తొందరేముంది. ముందు టీ పొయ్యి," అన్నాడు.

పోశాను అక్కా, అంచు దాకా. పుట్టి బుద్ధెరిగాక అలా ఎవరికీ పోయలేదు.

"ఇంత నిండా పోశావేంటి?" అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"తాగి లేచి వెళ్లమని."

తాగకుండానే లేచాడు. ఇకపై అతనితో కలిసి పనిచేయనని పైవాళ్లకు చెప్పేశాను. నా చేతులకు ఇంక అలాంటి పని దొరుకుతుందో లేదో తెలియదు, ఆ బాధ మాత్రం ఉంది. ఈ పొద్దున తలాస్‌లో బండ్లు వరస కట్టాయి. ఒక్కటీ ఆగలేదు.

నీ
మేరిమ్