సాక్ష్యం చెప్పిన నడుము

జలంత్రకోట,
బుధవారం.

అమ్మా షైనీ,

ప్రభువు పేరిట మీ అమ్మ దీవెనలు. నువ్వు విశాఖలో కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమని రాయడం అలవాటే గానీ, ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు తల్లీ.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని కంగారుపడకు. నీ గొంతు వినగానే "నాన్న బాగున్నాడమ్మా" అనే మాట దానంతటదే వచ్చేస్తోంది. అందుకే ఇది రాసి బస్సు డ్రైవర్ ఢిల్లీబాబు చేతికిస్తున్నాను.

నా మోకాలి సంగతి అడిగావు. జీడిపిక్కలు ఒలిచి లేచేటప్పుడు పట్టేస్తోంది, అంతే. దాని గోల వదిలెయ్. నాన్న నువ్వు నేర్పిన కసరత్తు, ఆ పిలాటీస్, చేస్తున్నాడా అనీ అడిగావు. దానికే ఈ ఉత్తరం.

కొబ్బరిచెట్టు మీంచి పడి, నడుముకి ఆపరేషనయ్యి, మంచం దిగని మనిషిని నువ్వే లేపావు. రబ్బరు చాప పరిచి, పొట్ట లోపలికి లాగడం, మోకాళ్లు ముడిచి నడుం ఎత్తడం నేర్పావు. "ఏసుకి సిలువ ఏసిన పిలాతు నాకేసిన శిచ్చ ఇది" అని నవ్వుతూనే చేశాడు. వంగిన వీపు నిలబడింది. కర్ర లేకుండా చర్చి మెట్లెక్కాడు.

అక్కడే వచ్చింది చేటు. కృతజ్ఞత కూడికలో లేచి, దేవుడు తనను పూర్తిగా బాగుచేశాడని సాక్ష్యం చెప్పేశాడు. సంఘమంతా స్తోత్రమంది. ఇంటికొచ్చి చాప అటక మీద పడేశాడు. "సాచ్చం సెప్పినోడు మళ్లీ సాప మీద కాళ్లెత్తితే, దేవుడు సగమే బాగుసేసాడా అని నవ్వరేటి?" అన్నాడు. ఎంత బతిమాలినా వినడే! మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా.

ఇప్పుడు వీపు మళ్లీ వంగిపోతోంది, ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఆదివారమొస్తే వీపు వంగకుండా చొక్కా లోపల తువ్వాలు బిగించి కట్టమంటాడు. నేనే కడుతున్నాను. నాన్న కసరత్తు చేస్తున్నట్టు నీకు పంపిన వీడియోలు కూడా కొత్తవి కావు షైనీ, పాతవే. తిట్టు, నాలుగు మాటలు అను, పడతాను. నువ్వు కుమిలిపోతావని ఒక భయం, ఆయన సాక్ష్యం అబద్ధమవుతుందని ఇంకో భయం.

నిన్న మందస నుంచి మీ నాన్నలాగే కొబ్బరిచెట్లెక్కే పోలారావు భార్య వసంత వచ్చింది. అతనూ చెట్టు మీంచి పడ్డాడు. "బావ ఎలాగ లేసాడో సెప్పక్కా, మా ఆయన మంచం మీదే ఉండిపోనాడు" అని ఏడ్చింది. మీ నాన్న, "ప్రార్థన సేత్తే సాలు" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఇంకో మనిషి బతుకు కూడా మంచాన పడాలా? చాప దించి, కుచ్చిళ్లు దోపుకుని, నేనే పడుకుని నడుం ఎత్తి చూపించాను. "ప్రార్థన సేసుకో వసంతా, దాంతోపాటు ఇదీ సేయించు" అన్నాను.

మీ నాన్న మంచం మీదే గోడవైపు తిరిగిపోయాడు. కాసేపటికి అటునుంచే, "అలాగ కాదే. ఊపిరి వదుల్తా ఎత్తాల. షైని అలాగ సెప్పింది" అన్నాడు. ఇంకాసేపటికి, "నన్ను కిందికి దించండి" అన్నాడు.

ఇద్దరం పట్టి దించాం. మోకాళ్లు ముడిచాడు. ఊపిరి వదిలాడు. నడుం లేవలేదు. మళ్లీ చేశాడు. లేవలేదు. పరాయి ఆడమనిషి ముందే గొల్లుమన్నాడు. "వసంతా, బాగైపోనానని అబద్దం సెప్పినాను. మీ ఆయన్ని నాలాగ సెయ్యనీకమ్మా" అన్నాడు.

ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలా, నువ్వొచ్చేదాకా ఆగాలా? నాకేమీ తోచడం లేదు. ఈ కాగితం అందగానే బయలుదేరు తల్లీ. చాప తీయనివ్వడం లేదు. "షైని మళ్లీ మొదట్నించి నేర్పుతాదంటావా?" అని పొద్దుట్నించీ అడుగుతున్నాడు. నేర్పుతుందని చెప్పాను. ఆ ఒక్క మాటా అబద్ధం కానివ్వకు.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
మీ అమ్మ, నయోమి.